ఈ నెల ముల్తానీ మట్టి ఎందుకు పంపడం లేదంటే

అందరికీ నమస్కారం. చెన్నైలోని పెరంబూరు, విల్లివాక్కం, కోడంబాక్కం నుంచి రోజూ ఒకటే ప్రశ్న: "ముల్తానీ మట్టి ఎప్పుడొస్తుందండీ?" ఈ నెల రాదు. ఎందుకో దాపరికం లేకుండా చెప్పేస్తాను.

రాజస్థాన్‌లోని బార్మేర్ వైపు నుంచి వచ్చిన కొత్త సరుకులో కొంత తీసి ల్యాబ్‌కి పంపాం. చూడ్డానికి రంగు బాగుంది, నీళ్లు చల్లితే మెత్తగా నానింది, ఇసుక తగల్లేదు. రిపోర్టులో మాత్రం సీసం (లెడ్ అనే విషలోహం) 20 పీపీఎం దాటింది. అంటే పది లక్షల పాళ్లలో 20 పాళ్ల కంటే ఎక్కువ. మన దేశంలో కాస్మెటిక్స్‌లో వాడే రంగుల్లో సీసం 20 పీపీఎం, ఆర్సెనిక్ 2 పీపీఎం మించకూడదని నిబంధన ఉంది. మట్టికి కూడా మేం అదే హద్దు పెట్టుకున్నాం. సరుకంతా తిప్పి పంపేశాం.

"భూమిలోంచి తీసిందే కదా, కెమికల్ కాదు కదా" అని ఒక అక్క ఫోన్లో అడిగారు. సీసం, ఆర్సెనిక్ కూడా భూమిలోవేనండీ. ముల్తానీ మట్టిలోని ఖనిజం కంటికి కనిపించనంత పలచని పొరలుగా ఉంటుంది. మన ముఖం మీది జిడ్డును పట్టుకునేవి ఆ పొరలే. గనిలో ఉన్నప్పుడు చుట్టుపక్కల లోహాలనూ అవి అలాగే పట్టుకుంటాయి. అందుకే ఒకే చోటి మట్టి అయినా లాటుకీ లాటుకీ, అంటే ఒక్కోసారి వచ్చే సరుకుకీ, తేడా వస్తుంది. 2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ముల్తానీ కోవకే చెందిన ఒక బెంటోనైట్ మట్టి పొడిలో సీసం ఎక్కువగా ఉందని, దాన్ని వాడొద్దని జనాన్ని హెచ్చరించింది.

గాయాల్లేని చర్మం గుండా సీసం లోపలికి వెళ్లేది తక్కువే, ఆ మాట కూడా చెప్పాలి. కానీ పొడి కలిపేటప్పుడు గాల్లోకి లేస్తుంది, చేతులకు అంటుతుంది, పక్కనే పసిపిల్లలు ఉంటారు. కడుపుతో ఉన్నవాళ్లకు మట్టి తినాలనిపించడం మన ఇళ్లలో కొత్త కాదు. దయచేసి ఈ పొడి నోట్లో వేసుకోకండి. అలా అనిపిస్తుంటే డాక్టర్‌కి చెప్పి రక్తం పరీక్ష చేయించుకోండి, చాలాసార్లు ఐరన్ తక్కువై ఉంటుంది.

ఇప్పుడు దొరికేది తెల్లమట్టి, అంటే కేవోలిన్. ఈ లాటు రిపోర్టు హద్దుల లోపలే ఉంది. ఇది ముల్తానీ అంతగా జిడ్డు లాగదు, కాబట్టి పొడిచర్మం వాళ్లకి ఇదే నయం. జిడ్డు చర్మం వాళ్లకి కాస్త వెలితిగానే ఉంటుంది, అది ముందే తెలిసి కొనుక్కోండి.

ఏ మట్టి అయినా ముఖం మీద పూర్తిగా ఎండనివ్వకండి. ముల్తానీ మట్టి, మన రేగడి మట్టి ఒకే కోవకు చెందినవి. వేసవిలో రేగడి చేను నెర్రెలిచ్చినట్టే ముఖం మీద ప్యాక్ కూడా తడి ఆరే కొద్దీ కుంచించుకుపోయి పగులుతుంది, చర్మం మీది తేమనూ లాగేస్తుంది. మద్రాసు ఉక్కలో ఆరడానికి టైమ్ పడుతుంది గానీ ఏసీ గదిలో ఇట్టే ఆరిపోతుంది. అంచులు రంగు మారుతుండగా, మధ్యలో ఇంకా తడి ఉండగానే కడిగేయండి. నిమ్మరసం కలపొద్దు, మంట పుడుతుంది. పన్నీరో (రోజ్ వాటర్), మామూలు నీళ్లో చాలు. మట్టికి లోహపు చెంచా తగలకూడదని కొందరంటారు గానీ, స్టీలు చెంచాతో కలిపితే ఏమీ కాదు, ఆ టెన్షన్ వద్దు.

ఇంకో రెండు మాటలు. "డీటాక్స్" అనీ, "తెల్లబడతారు" అనీ మా ప్యాకెట్ మీద వేయమని సలహా ఇస్తున్నారు. వేయం. మట్టి పైపైన ఉన్న జిడ్డు, మురికి తీస్తుంది. ఒంట్లోని విషాలు లాగదు, రంగు మార్చదు. డబ్బాలో తడి ప్యాక్ రెడీగా ఇవ్వమని కూడా చాలామంది అడుగుతున్నారు. తడి తగిలితే బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. వాటిని ఆపడానికి ప్రిజర్వేటివ్ వేస్తే కొన్ని రకాలను మట్టే పట్టేసుకుని పనిచేయనివ్వదు. అది సరిగ్గా చేసే ఏర్పాటు మా దగ్గర లేదు, అందుకే పొడిగానే ఇస్తాం. వానాకాలంలో తడి చెంచా పెట్టకుండా గాజు సీసాలో మూత బిగించి ఉంచండి.

ప్రతి లాటునూ ల్యాబ్‌కి పంపుతున్నాం కాబట్టి ఇకమీదట వంద గ్రాముల ప్యాకెట్ మీద 15 రూపాయలు పెరుగుతుంది. ఇంతకుముందు కొన్నవాళ్లు కంగారు పడొద్దు, ఆ లాట్ల రిపోర్టులు హద్దుల లోపలే ఉన్నాయి. ప్యాకెట్ వెనక ఉన్న లాటు నంబరు వాట్సాప్ చేస్తే మీ రిపోర్టు మీకు పంపిస్తాను. ముల్తానీకి ముందే డబ్బు కట్టినవాళ్లకి ఈ వారంలో తిరిగి వేసేస్తాం. బదులుగా తెల్లమట్టి చాలనుకుంటే శనివారం లోపు చెప్పండి.