60 మందికి 24 గదులు

సంపాదకులకు నమస్కారం,

మన ఆటలను ఆన్‌లైన్‌లో పెడితే ఆడేవాళ్లు దొరకరని, అందుకే ఆరు నెలలు తిరక్కుండానే మూతపడుతున్నాయని పోయిన ఆదివారం మీ పేపర్లో చదివాను. దీంతో నేను ఒప్పుకోను. ఆడేవాళ్లు తక్కువే, కాదనను, కానీ ఉన్న ఆ నలుగురు ఒకరికొకరు కనపడకుండా చేస్తున్నది ఆ ఆటలు తయారుచేసేవాళ్లే.

నేను హనుమకొండలో ఉంటాను, ఏడాదిగా ఫోన్లో అష్టాచెమ్మ ఆడుతున్నాను (ఏ కంపెనీదో రాయను, పాపం చిన్నవాళ్లు). రాత్రి తొమ్మిదిన్నరకు అన్నం తిని కూర్చుంటే తెర మీద నాలుగు గవ్వలు గిర్రున తిరుగుతూ ఉంటాయి, కింద 'ఆటగాళ్ల కోసం వెతుకుతున్నాం' అని ఉంటుంది. ఒకరోజు నాలుగు నిమిషాలు చూసి, విసుగొచ్చి, జగిత్యాలలో ఉన్న మా బావకు ఫోన్ చేశాను. "నాకు సుత తిరుగుడే తిరుగుతున్నది, ఎవ్వరు దొరుకుతలేరు" అన్నాడు. అదే ఆట, అదే నిమిషం. ఆయన 'క్లాసిక్' నొక్కాడట, నేను గెలుపోటములకు పాయింట్లుండే 'ర్యాంక్‌డ్' నొక్కాను. ఆ రెండు వరుసల వాళ్లను ఆట కలపదు.

కాజీపేట స్టేషన్ బయట షేర్ ఆటోలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తొమ్మిది మంది దిగారు, మూడు ఆటోల్లో ముగ్గురు చొప్పున కూర్చున్నారు, నిండితే గానీ ఏ డ్రైవరూ బండి తీయడు. కాసేపటికి ఇద్దరు దిగి నడక మొదలుపెడతారు, ఇంకొకరు బస్సెక్కుతారు, చివరికి డ్రైవర్లేమో ఈ మధ్య గిరాకీ లేదని వాపోతారు.

ఒక ఆటలో రాత్రి పూట 60 మంది ఉన్నారనుకోండి. మూడు మోడ్‌లు (ఆట రకాలు), నాలుగు ర్యాంకులు, రెండు సర్వర్లు (ఒక్కో ప్రాంతం వాళ్లకు ఆట నడిపే కంప్యూటర్లు) పెడితే 24 గదులయ్యాయి, గదికి ఇద్దరున్నర మంది. ఈ అష్టాచెమ్మలో బల్లకు నలుగురు కావాలి! లక్షల మంది ఆడే తుపాకుల ఆటల్లో ఇన్ని గదులున్నా నిండుతాయి, వాళ్లను చూసి వీళ్లూ పెట్టేశారు.

గదులన్నీ తీసేసి ఒకే హాలు చేసినా ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ 60 మందీ ఖాళీగా ఉండరు కదా, 15 బల్లల మీద ఆడుతూనే ఉంటారు. ఒక ఆటకు 20 నిమిషాలు పడితే సగటున 80 సెకన్లకోసారి ఒక బల్ల ఖాళీ అవుతుంది. అప్పుడు లేచిన నలుగురు మళ్లీ నొక్కితే, వెంటనే జత కలపాలని తొందరపడే ఆట ఆ నలుగురినే మళ్లీ కూర్చోబెడుతుంది, ఇందాక నా కాయను ఇంటి గడప దగ్గర చంపినవాడే మళ్లీ ఎదురు! ఇంకో రెండు బల్లలు లేచేదాకా ఆగి, పన్నెండు మందిని కలిపి పంచితే సరిపోతుంది. రెండు మూడు నిమిషాలు ఎందుకు ఆగుతున్నామో, ఎంతమంది చేరారో తెర మీద చూపిస్తే మనిషి ఓపిక పడతాడు. ఉత్త గవ్వలు తిరుగుతుంటేనే చిరాకు.

ఇక ర్యాంకులు. సమఉజ్జీలనే కలపాలి అంటారు. చెస్‌లో ఆటగాడి బలాన్ని అంకెల్లో చెప్పే ఎలో రేటింగును అంతర్జాతీయ సమాఖ్య 1970లో తీసుకుంది, మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ జాబితాలో 2801కి చేరింది ఆ లెక్కలోనే. అంత పైన ఉన్నవాళ్లు ప్రపంచం మొత్తం మీద గుప్పెడు మంది. వాళ్లు దొరికేదాకా అర్జున్ ఇంట్లో కూర్చుంటాడా? ఓపెన్ టోర్నమెంటుకు పోతే తనకంటే 400 తక్కువున్నవాళ్లతోనూ ఆడాల్సి రావచ్చు. గెలిస్తే ఒక్క పాయింటు కూడా రాదు, ఓడితే తొమ్మిది పోతాయి. అంటే ఎక్కువ తక్కువల సంగతి పాయింట్లే చూసుకుంటాయి, మధ్యలో గోడ కట్టక్కర్లేదు. పైగా ఇది గవ్వలాట, గవ్వలు పడితే మా పక్కింటి ఆరేళ్ల పిల్ల కూడా నన్ను ఓడిస్తుంది. కొత్తవాళ్లను మొదటి పది ఆటలు ఆటలో అరటిపండులా చూసి, పాయింట్లు కోయకుండా వదిలేస్తే చాలు.

సర్వర్ల సంగతికొస్తే నాకు నిజంగానే కోపమొస్తుంది. మా బావ తమ్ముడు దుబాయ్‌లో ఉంటాడు, జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు ఇల్లిల్లూ ఇదే కథ. ఆయన్ను ఆట వేరే సర్వర్లో వేసింది, అన్నదమ్ములు కలిసి ఆడలేరు. తుపాకీ పేల్చే ఆటైతే సెకనులో పదోవంతు ఆలస్యమైనా ప్రాణం పోతుంది, ఒప్పుకుంటా. గవ్వలు వేసి, కాయ ఏది జరపాలా అని అర నిమిషం బుర్ర గోక్కునే ఆటకు దూరంతో ఏం పని? మనకు తొమ్మిదిన్నరైతే అక్కడ ఎనిమిది, డ్యూటీ దిగి రూముకొచ్చే టైము.

మనుషులు చాలనప్పుడు బాట్‌లను, అంటే కంప్యూటరే ఆడే ఆటగాళ్లను, పెట్టడం తప్పని నేననను. కానీ మనిషి పేరు, మనిషి ఫొటో తగిలించి పెట్టకండి, మూడో రోజుకల్లా తెలిసిపోతుంది. బాట్ అని రాసి కూర్చోబెట్టి, మనిషి రాగానే లేపేయండి.

ప్రస్తుతానికి మేం ఎనిమిది మందిమి వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, తొమ్మిదిన్నరకు ఫలానా మోడ్ అని ముందే అనుకుని అందరం ఒకేసారి నొక్కుతున్నాం (సద్దుల బతుకమ్మ నాడు ఇదే టైము పెడితే ఒక్కరూ రాలేదు, అది మా తెలివితక్కువ). మోడ్‌లు తగ్గించండి, అందరూ ఒకేసారి వచ్చేలా రోజూ ఒక గంట ఖాయం చేయండి అని కంపెనీకి మెయిల్ కూడా రాశాను. పది రోజులకు జవాబొచ్చింది. సంక్రాంతికి ఇంకో రెండు మోడ్‌లు తెస్తున్నారట.

ఇట్లు,
ఒక అష్టాచెమ్మ ఆటగాడు,
హనుమకొండ