పాలకి పడే పండు, పడని పండు

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే పైడిరాజూ,

నీ ఉత్తరం అందింది. కొత్త మిక్సీ కొన్నావు గానీ, స్మూతీ ఒకరోజు చేదు, ఒకరోజు నీళ్ళు, ఇంకోరోజు ఇసక నమిలినట్టు వస్తోందని రాశావు. మిక్సీని తిట్టకు, దాని తప్పేటీ లేదు. ఏ పండు పాలతో సర్దుకుంటుందో, ఏది సర్దుకోదో చూడకుండా అన్నీ ఒకే జార్లో పడేస్తే అలగే ఏడుస్తుంది మరి.

ముందు చేదు సంగతి. నువ్వు వేసింది సీతంపేట అనాస. పచ్చి అనాసలో బ్రోమెలైన్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది. పాలలోని ప్రోటీన్‌ని అది ముక్కలు చేసీస్తుంది, ఆ ముక్కలదే చేదు. తిప్పిన నిమిషంలో తాగీస్తే పెద్దగా తెలీదు. ఫ్రిజ్‌లో పెట్టి, చుట్టాలొచ్చాక తీశావనుకో, కషాయమే. దీనికి రెండు దార్లు. అనాస ముక్కల్ని చిన్నగా తరిగి, కొంచెం నీళ్ళూ రెండు చెంచాల పంచదారా వేసి 8 నిమిషాలు బాగా ఉడికించి, పూర్తిగా చల్లార్చి వాడు. వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. ఉడికించే ఓపిక లేదా, పాలు మానీసి కొబ్బరిపాలు పొయ్యి. మీ ఉద్దానం కొబ్బరికాయ అరచెక్క తురిమి, గ్లాసు గోరువెచ్చని నీళ్ళతో రుబ్బి, గుడ్డలో పిండితే చాలు. నన్నడిగితే అనాసకి కొబ్బరిపాలే జోడీ, ఆవుపాలు కాదు. బొప్పాయిదీ ఇదే గుణం. అందులోది పపైన్. బాగా ముగ్గిన కాయలో తక్కువే, అయినా పాలతో చేస్తే నిలవుంచకు. బత్తాయి, ద్రాక్షల గొడవ వేరు. వాటి పులుపుకి పాలు విరుగుతాయి. అక్కడ పెరుగు వెయ్యి, ఎలాగూ తోడుకున్నదే కాబట్టి కొత్తగా విరిగేదేమీ లేదు.

ఇప్పుడు మామిడి. ఈ నెలంతా మాకు సువర్ణరేఖే. భుజం మీద ఎర్రటి జేగురు, ముచిక దగ్గర ముక్కు పెడితే వాసన గుప్పుమనాలి. కాయల్ని అరగంట నీళ్ళలో వేసి ఉంచు, ముచిక దగ్గరి సొన పోతుంది. ఆ సొన గుజ్జులో కలిస్తే గొంతులో గరగర. ఇద్దరికి లెక్క ఇది: కోసిన ముక్కలు 300 గ్రాములు, పులవని చిక్కటి పెరుగు 150 గ్రాములు, కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు 100 మిల్లీలీటర్లు, ఒక ఏలక్కాయ గింజలు, చిటికెడు ఉప్పు. ఉప్పు మానకు, తీపిని పైకి లేపేది అదే. పంచదార ముందే పొయ్యకు. తిప్పాక రుచి చూసి, చాలకపోతే చెంచాడు. బంగినపల్లి గట్టి కండ, పీచు లేదు, పాలు ఇంకో 50 పడుతుంది. పెద్దరసం, చెరుకురసం మాత్రం బ్లేడుకి ఇవ్వకు. చేత్తో పిసికి, జల్లెడలో వడకట్టి, ఆ రసాన్ని పెరుగుతో కలుపు. పీచు వేసి తిప్పితే గ్లాసు అడుగున జుత్తులా తేలుతుంది.

వేసే వరస కూడా ఉంది. చట్నీ జార్ కాదు, మూతికి ముక్కున్న పెద్ద జార్ తీసుకో. ముందు పాలు, పెరుగు. ఆ మీద మెత్తటి పండు. అన్నిటికన్నా పైన గడ్డకట్టిన ముక్కలు. తిరగేసి వేశావనుకో, బ్లేడు చుట్టూ గాలి గూడు కట్టుకుంటుంది. అప్పుడు చూడు, మిక్సీ గొంతు మారిపోతుంది. గురగుర పోయి కీచుమంటుంది, ముక్కలు గోడకంటుకుని కదలవు, కింద బ్లేడు ఉత్తినే తిరుగుతుంది. వెంటనే ఆపు. మూత తీసి, గరిటె కాడతో గోడల్ని కిందకి తోసి, రెండు చెంచాల పాలు పొయ్యి. మళ్ళీ వెయ్యగానే నడిమధ్యన నీటి సుడిలా గుంట పడి, పైవన్నీ అందులోకి జారిపోతుంటే సరిగ్గా ఉన్నట్టు. 15 సెకన్లు తిప్పి ఆపు, అలగ మూడు నాలుగు సార్లు. ఏకబిగిన మూడు నిమిషాలు తిప్పితే వేడెక్కి నురగ కట్టి, తాగుతుంటే సగం గాలే. జార్ మూడు వంతుల్లో రెండు వంతులు దాటి నింపకు. బరువెక్కి మోటారు ఆగిపోతే కంగారు పడకు. ప్లగ్గు తీసి, మిక్సీ అడుగున ఎర్ర బొత్తాం ఉందేమో చూడు. పది నిమిషాలు చల్లారనిచ్చి నొక్కు.

నీళ్ళనీళ్ళగా రావడానికి కారణం నువ్వు వేసే ఐసు. అది కరిగితే నీరు కాక మరేటవుతుంది? చల్లదనం పండులోంచే రావాలి. బాగా చుక్కలు పడ్డ అరటిపండు, చక్రకేళో అమృతపాణో, ఒలిచి, బొటనవేలు వెడల్పున చక్రాలు కోసి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్లో 6 గంటలు ఉంచు. తర్వాత డబ్బాలోకి తీసీ. ముందే కుప్పగా డబ్బాలో పెడితే అన్నీ కలిసి బండరాయి అవుతాయి, సుత్తి కావాలి. ఆ ముక్కలు మొత్తం పండులో మూడోవంతు మించొద్దు, మన ఇళ్ళ మిక్సీలు అంతకంటే ఓర్చుకోవు. పుచ్చకాయకి చుక్క నీరు కూడా అక్కర్లేదని వేరే చెప్పాలా?

ఇసక సంగతి కూడా దొరికింది. చోడిపిండి, అదే రాగిపిండి, పచ్చిగా చల్లీశావు, అవునా? పెద్దచెంచాడు పిండిని 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, అంబలి కాచినట్టు అయిదారు నిమిషాలు కాచి, చల్లార్చి అరటిపండుతో తిప్పు. నునుపూ చిక్కదనమూ దానంతట అవే వస్తాయి. తీపికి తాటిబెల్లమైతే కరిగించి వడకట్టే వెయ్యి, అందులోనూ ఇసక ఉంటుంది. జామకైతే గింజలు నలగనివ్వకు, రెండు తిప్పులు తిప్పి వడకట్టీ.

మీ పలాస తోటల్లో జీడిపళ్ళు రాలి కుళ్ళిపోతున్నాయన్నావు. గింజని మెలిపెట్టి తీసీ, దాని జీడి చేతికంటితే పొక్కుతుంది. పళ్ళు కడిగి పిండి, లీటరు రసానికి అరగ్లాసు చల్లారిన గంజి కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. నాలుక పీకే వగరంతా గంజితో అడుక్కి దిగుతుంది, పైన తేట వంచుకో. దానికి మామిడి ముక్కలు కలిపి చూడు. రాలిన రోజే పిండాలి, పళ్ళు వదిలేస్తే మర్నాటికి పులిసిపోతాయి.

తాగాక జార్లో నీళ్ళు పోసి రెండు తిప్పులు తిప్పి పారబొయ్యి. మూత రబ్బరు వాషర్ ఊడదీసి కడుగు, పాతపాల వాసనంతా దాని కిందే దాక్కుంటుంది.

వచ్చేటప్పుడు జీడిపప్పు ఒక కిలో పట్టుకురా. గుండు వద్దురా, ముక్కలు చాలు. పాలు పడని పళ్ళకి పది పలుకులు అరగంట నానేసి రుబ్బితే పాలకంటే చిక్కన. ఎలాగూ రుబ్బీదానికి గుండుకి డబ్బులెందుకు తగలెయ్యడం?

ఇట్లు,
నీ సూరిగాడు