పైన తిరుగుతున్న పాత రాకెట్లపై మన చూపు పెరగాలి: కేంద్ర అంతరిక్ష శాఖ సహాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

2001 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్వీ-సీ3 తన మూడు ఉపగ్రహాలనూ కక్ష్యలో సరిగ్గా వదిలింది. పని ముగిసిన నాలుగో దశ, అంటే రాకెట్ చివరి భాగం మాత్రం అక్కడే తిరుగుతూ డిసెంబరు 19న పేలిపోయింది. 300కు పైగా ముక్కలయ్యాయి. చాలావరకు వాతావరణంలో పడి కాలిపోయినా, రెండు దశాబ్దాలు దాటాక కూడా కొన్ని పైనే ఉన్నాయి. తర్వాతి పీఎస్ఎల్వీ ప్రయోగం సీ4 నుంచి ఇస్రో ఆ చివరి దశలో మిగిలిన ఇంధనాన్ని ఖాళీ చేసేస్తోంది. 2024లో పోయెమ్-3ని, అంటే కక్ష్యలో పరిశోధనలకు వాడుకున్న పీఎస్ఎల్వీ నాలుగో దశను, 350 కిలోమీటర్ల ఎత్తుకు దించి, వ్యర్థం మిగలకుండా ముగించింది. 2030 కల్లా మన ప్రయోగాలన్నీ ఇలాగే ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. మనసారా అభినందిస్తున్నాను.

అయితే అదంతా ఇకపై వెళ్లే రాకెట్ల సంగతి. నా విన్నపం ఇప్పటికే పైన ఉన్నవాటి గురించి.

పాత రాకెట్ దశ తన జాడ తాను చెప్పదు. సిగ్నల్ ఉండదు, పల్టీలు కొడుతూ పోతుంది. సూర్యుడి తీవ్రత పెరిగితే పై వాతావరణం ఉబ్బి దాన్ని ఇంకా వెనక్కి లాగుతుంది. ఈరోజు కట్టిన లెక్క కొద్ది రోజుల్లోనే కిలోమీటర్ల తేడా చూపిస్తుంది. అందుకే మళ్లీ మళ్లీ కొలవాలి. శ్రీహరికోట ప్రయోగ కేంద్రం షార్‌లోని రాడార్ 800 కిలోమీటర్ల దూరంలో సుమారు 30 సెంటీమీటర్ల వస్తువును పట్టగలదు. మంచి పరికరమే, కానీ ఆ వస్తువు మన మీదుగా వెళ్లే కొద్ది నిమిషాలే దానికి దొరుకుతాయి. టెలిస్కోపులకు మబ్బులు అడ్డు, పగలు అడ్డు. అందువల్ల ఢీకొనే ముప్పు హెచ్చరికల కోసం నేటికీ ఎక్కువగా అమెరికా సైన్యం ఇచ్చే సమాచారం మీదే ఆధారపడుతున్నాం.

ఇది ఊహలో భయం కాదు. 2023 జనవరి 27న రష్యా పాత రాకెట్ దశ ఒకటి, పనిచేయని ఉపగ్రహం ఒకటి దాదాపు 980 కిలోమీటర్ల ఎత్తున సుమారు ఆరు మీటర్ల దూరంలో ఒకదాన్నొకటి దాటాయి. రెండింటిలో దేన్నీ పక్కకు తప్పించే వీలు లేదు. తగిలి ఉంటే వేల ముక్కలు ఎన్నో దశాబ్దాలు అక్కడే తిరిగేవి. అదే ఏడాది జులై 30న ఢీకొనే ముప్పు తప్పించడానికి పీఎస్ఎల్వీ-సీ56 ప్రయోగాన్నే ఒక నిమిషం వెనక్కి జరపాల్సి వచ్చింది.

అంతరిక్ష వ్యర్థాలపై నిఘా కోసం ఇస్రో చేపట్టిన నేత్ర ప్రాజెక్టులో తలపెట్టిన, 1,500 కిలోమీటర్ల దూరం దాకా చూడగల రాడార్ ఎప్పటికి పనిలోకి వస్తుందో దయచేసి పార్లమెంటులో తేదీతో చెప్పండి. మన భూభాగం మీద ఎన్ని రాడార్లు పెట్టినా, ప్రపంచం అవతలి వైపు వెళ్లేది కనబడదు. మిత్రదేశాలతో కొలతలు పంచుకునే ఒప్పందాలూ కావాలి. అన్నిటికంటే ముందు, కక్ష్యలో మిగిలిన మన రాకెట్ దశలన్నిటి స్థానాలనూ మన సొంత కొలతలతో, ఎంత తేడా ఉండొచ్చో కూడా చెబుతూ, అందరికీ తెరిచి పెట్టండి. ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ఆ లెక్కలు సరిచూస్తారు. ఉపగ్రహాలు తయారుచేసే మన స్టార్టప్‌లకు అది వెంటనే పనికొస్తుంది. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, మీ శాఖ ఆదేశం చాలు.

భవదీయుడు,
తిరుపతి జిల్లా పౌరుడు