మేఫీల్డ్‌లో మమ్మల్ని ఆదుకున్న మీ అందరికీ

టోర్నడో అమెరికా కెంటకీ రాష్ట్రంలోని మా ఊరి మీంచి పోయి నెల దాటింది. ఇన్నాళ్లకి కుదురుగా కూర్చుని రాయగలుగుతున్నాను.

2021 డిసెంబర్ 10, శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి కాస్త ముందు. పడూకా వాతావరణ కేంద్రం హెచ్చరికకి ఫోన్లు మోగబట్టి నేనూ, మావారూ, అమ్మా బాత్‌రూమ్‌లో దూరి పరుపుని మా మీద కప్పుకున్నాం. ఆ కేంద్రం వాళ్లకి చేతులెత్తి దండం పెడుతున్నాను. బయటికొచ్చేసరికి పైకప్పు లేదు. తెల్లారి చూస్తే కోర్టు గడియారం గోపురమే కూలిపోయి ఉంది. 1977లో దివిసీమ ఉప్పెన చూసిన మనిషి మా అమ్మ. ఆ పూటంతా నా చెయ్యి వదల్లేదు.

టెనెస్సీలో పుట్టిన ఆ సుడిగాలి మా గ్రేవ్స్ కౌంటీ, డాసన్ స్ప్రింగ్స్, బ్రెమెన్ మీదుగా 165 మైళ్ల దాకా నేల విడవకుండా పోయింది. 57 మంది చనిపోయారు. పొగాకు, మొక్కజొన్న పొలాల మధ్య ఒంటరి ఇళ్లు ఎన్ని పోయాయో! వాళ్ల గోడు టీవీల్లో పెద్దగా రాలేదు, నాకు అదే బాధ.

పక్కింటి పెద్దాయన తన కప్పు ఎగిరిపోయినా ముందు మా ఇంటికే వచ్చారు. రంపం మిషన్‌తో మా గుమ్మానికి అడ్డం పడ్డ చెట్టు కోసి, అమ్మని రెండు చేతుల మీదా దాటించారు. ఆయన్ని జన్మలో మర్చిపోను.

వందమైళ్లకు పైగా అవతల, బ్రెకెన్‌రిడ్జ్ కౌంటీలో ఒకావిడకి పొలంలో మా పెళ్లి ఫోటో దొరికింది. ఫేస్‌బుక్‌లో పెట్టి మా జాడ పట్టుకున్నారు. రెండు అట్టల మధ్య పెట్టి పోస్టులో పంపుతూ, "నీడలోనే ఆరబెట్టాను" అని చీటీ రాశారు. మూల కాస్త చిరిగిందంతే, తలంబ్రాల పసుపు అలాగే ఉంది.

ముర్రే యూనివర్సిటీలో చదివే మన పిల్లలు మూడోరోజు కారులో వచ్చారు. కరెంటు లేదు, నీళ్లు లేవు. వేడన్నం, సాంబారు, దోసకాయ పచ్చడి! అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. బాబూ, మీ పేర్లు కూడా అడగలేదు, ఏమీ అనుకోకండి.

మీ సాంబారు డబ్బా మా దగ్గరే ఉంది. స్టీలుది, మూత మీద "పి.ఎల్." అని చెక్కించి ఉంది. ఖాళీగా ఇవ్వకూడదని సంక్రాంతికి అమ్మ అందులో అరిసెలు సర్దింది. ఎవరిదో చెబితే ఈ ఆదివారం మేమే తెచ్చిస్తాం.