ఈ సీజన్‌లో రెండో విమానం ఎందుకు ఎగరదంటే

ఏళ్లుగా మా విమానంతోనే పొలాలకి పురుగుమందు కొట్టించుకుంటున్న రైతులందరికీ నమస్కారం. ఈసారి రెండు విమానాలు నడుపుతామని, మీ వంతు త్వరగా వస్తుందని మాటిచ్చాను. రెండోది ఎగరడం లేదు. విమానం సిద్ధంగానే ఉంది. దాన్ని నడపాల్సిన కుర్రాడి శిక్షణే మధ్యలో ఆగిపోయింది.

ఆ అబ్బాయి మీకు తెలుసు. మా దగ్గర మందు కలిపి ట్యాంకు నింపే పనిలో చేరి, సొంత డబ్బుతో కమర్షియల్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. ఈ వృత్తిలోకి చాలామంది వచ్చే దారి అదే, మంచి దారి కూడా. "లైసెన్స్ ఉందిగా, ఎక్కించెయ్యండి" అని మీలో కొందరు ఫోన్ చేశారు. ఆ లైసెన్స్‌కి ఇండియాలో 200 గంటలు, అమెరికాలో 250 గంటలు ఎగిరితే చాలు. కానీ అక్కడ నేర్పేది ఎత్తులో సాఫీగా వెళ్లడం. మన పని పైరుకి పది, పన్నెండు అడుగుల పైన. చేను చివర చెట్లు, కరెంటు తీగలు దాటి లేచి, తిరిగి, పక్క వరుసలోకి సరిగ్గా దిగాలి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకలా, ఖాళీ అవుతున్నకొద్దీ ఇంకోలా నడుస్తుంది అదే విమానం. పైగా చాలావాటిలో ఒకటే సీటు, పక్కన కూర్చుని సరిదిద్దే వీల్లేదు. అందుకే ముందు రెండు సీట్ల విమానంలో, ట్యాంకులో ఉత్త నీళ్లు పోసి నేర్పాలి.

ఆ శిక్షణ ఇస్తామన్న సంస్థ డబ్బు ముందే తీసుకుంది. మొదట ఇంజిన్ రిపేర్ అన్నారు. తర్వాత నేర్పే పైలట్ మానేశాడన్నారు. చివరికి మామూలు విమానంలో నాలుగు చక్కర్లు కొట్టించి సర్టిఫికెట్ ఇచ్చేస్తామన్నారు! ఆ కాగితం నాకొద్దన్నాను. కట్టిన డబ్బు తిరిగి అడిగితే ఇంకా ఇవ్వలేదు.

పురుగు మన కోసం ఆగదని నాకు తెలుసు. అందుకే తీగలు లేని పెద్ద చేలు కుర్రాడికిచ్చి, మిగతావి నేను చేద్దామని మ్యాప్ మీద గుర్తులు కూడా పెట్టాను. ఒక్కోటి చూస్తుంటే పక్కన తేనెపెట్టెలు, చెరువు, ఇళ్లు. గాలి వీస్తే ఆపాలని అందరికీ తెలుసు. గాలి అస్సలు కదలని తెల్లవారుజామునే కొత్తవాళ్లు పొరబడతారు. నేల దగ్గర చల్లగాలి, దానిపైన వెచ్చని గాలి ఉంటే సన్నని తుంపర్లు కిందికి దిగవు, తేలుతూ ఎక్కడికో పోతాయి. అప్పుడు కొట్టకుండా వెనక్కి రావడం అతనొక్కడే తేల్చుకోవాలి. గుర్తులన్నీ చెరిపేశాను.

కుర్రాణ్ణి నేను ఎదగనివ్వట్లేదని ఎవరో అన్నారట. ఆ మాట గట్టిగానే తగిలింది. అతనికి నేర్పడానికి అనుభవమున్న వ్యవసాయ పైలట్ ఒకరు ఒప్పుకున్నారు, ఖర్చు నాది. ఆయన సరేనన్నాకే మీ పొలాల మీదికి వస్తాడు, ఎవరు తొందరపెట్టినా సరే.

ఇక మీ సంగతి. పురుగు ఉధృతి ఎక్కువున్న పొలాలకి ముందు వస్తాను. ఏ రోజు వస్తానో ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి చెబుతాం. ఆగలేనివాళ్లు ఇంకొకరితో కొట్టించుకోండి, అడ్వాన్స్ మొత్తం తిరిగిచ్చేస్తాను, వచ్చే సీజన్‌లో మీ వంతు ఎక్కడికీ పోదు.