కోనసీమ గట్లకు తగ్గ సైకిల్

సంపాదకులకు నమస్కారం.

తారురోడ్డు మీదా గ్రావెల్ మీదా నడిచే సైకిళ్ళ గురించి ఈమధ్య మీ ఆదివారం పేజీలో వ్యాసం వేశారు. ఫొటోలన్నీ కొండదారులవే. ఆ సైకిళ్ళు విదేశాల్లో పందాలకు వెళ్ళేవాళ్ళకూ, డబ్బున్న కుర్రాళ్ళకూ అన్నట్టు రాశారు. నేను రాజోలులో ఉంటాను, లెక్కల టీచరుని, బడికి సైకిల్ మీదే వెళ్తాను. అలాంటి సైకిల్ అవసరం మా డెల్టా వాళ్ళకున్నంత ఇంకెవరికీ లేదని నా వాదన.

మా దారులు చూడండి. సెంటర్ దాకా తారు. కాలువగట్టు ఎక్కగానే మెట్ట ప్రాంతం నుంచి లారీల్లో తెచ్చి పోసిన ఎర్ర గ్రావెల్. గట్టు దిగితే చేలల్లోకి పుంత. ఆదివారం అంతర్వేది వెళ్ళాలన్నా, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళాలన్నా ఈ మూడూ తగులుతాయి. తారు మీద పరిగెత్తే సన్నటైరు సైకిల్ గ్రావెల్లో కూరుకుపోతుంది. గ్రావెల్లో హాయిగా పోయే ఎంటీబీ, అంటే లావు టైర్ల కొండదారుల సైకిల్, తారు మీద ప్రాణం తీస్తుంది. అందుకే కొలతలిచ్చి ఒక సైకిల్ కట్టించుకోవాలని నిర్ణయించుకున్నాను. మా ఆయన మొదటి ప్రశ్న, "ఆ డబ్బుతో స్కూటీ వస్తుంది కదా?" వస్తుంది. నాకు స్కూటీ వద్దు.

రెడీమేడ్‌ది కొనుక్కోవచ్చు కదా అంటారేమో. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. నా ఎత్తువాళ్ళకని అమ్మే చిన్న ఫ్రేముకీ రోడ్డు సైకిళ్ళ 700సి అనే పెద్ద చక్రాలే తగిలిస్తారు. నెమ్మదిగా మలుపు తిప్పితే కాలి బొటనవేలు ముందు చక్రానికి కొట్టుకుంటుంది. మడ్‌గార్డు వేస్తే మరీను. గట్టు ఎక్కే ఇరుకు మలుపులో అలా తగిలితే కాలువలోకే. "సీటు దించుతానండి, సరిపోతుంది" అన్నాడు ఒక షాపులో కుర్రాడు. సీటు దించితే హ్యాండిల్ దగ్గరికి రాదు కదా నాయనా! బడికి సైకిల్ మీద వచ్చే మా ఆడపిల్లల్లో సగం మందిది ఇదే బాధ. ప్రభుత్వం 'బడికొస్తా' పథకం కింద 9వ తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చినప్పుడు కూడా పొట్టిపిల్లకీ పొడుగుపిల్లకీ ఒకటే సైజు.

మీ వ్యాసం ఫ్రేముతో మొదలైంది, కార్బనా అల్యూమినియమా అని. మా దగ్గర టైరుతో మొదలుపెట్టాలి. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది, అది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో. మన నాన్నల నల్ల సైకిళ్ళ 28 x 1½ టైరుకి అది 635. రోడ్డు సైకిళ్ళ 700సికి 622. తేడా 13 మిల్లీమీటర్లే అయినా ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. ఊళ్ళో షాపులో ఎప్పుడూ ఉండేది 635, నెట్‌లో ఆర్డరు పెట్టాల్సింది 622. ఈ రెంటికీ కాకుండా 584 అని ఒకటుంది. గ్రావెల్ సైకిళ్ళవాళ్ళు దాన్ని 650బి అంటారు. మన షాపుల్లో ఎంటీబీలకని అమ్మే 27.5 కూడా 584యే. కాకినాడలోనో రాజమండ్రిలోనో ఏ మాత్రం పెద్ద షాపైనా ఆ టైరూ ట్యూబూ ఉంటాయి.

నేను తీసుకునేది 47 మి.మీ. వెడల్పు టైరు. 584కి రెండువైపులా 47 కలిపితే 678. రోడ్డు సైకిల్ 622 రిమ్ముకి 28 మి.మీ. టైరు వేసి ఇలాగే కూడినా 678యే వస్తుంది. అంటే చక్రం మొత్తం ఎత్తు ఒకటే, ఒక చుట్టుకి పోయే దూరంలో నేను నష్టపోయేది లేదు. బొటనవేలికి ముందు చక్రం తగలకుండా చూడాల్సింది మాత్రం ఫ్రేము కొలతలతోనే. గ్రావెల్ మీద మాత్రం టైరు వెడల్పు కాబట్టి గాలి తక్కువ పెట్టుకోవచ్చు, నా బరువుకి 35 పీఎస్ఐ చాలు. పంక్చరు షాపులో బొటనవేలు దిగనంతగా కొట్టించుకుంటే రాయి రాయికీ ఎగిరిపడాల్సిందే.

రిమ్ముకి వాల్వు బెజ్జం కూడా ముందే చూసుకోవాలి. ఖరీదైన సైకిళ్ళకు 6.5 మి.మీ. సన్నబెజ్జం వస్తుంది, దానికి ప్రెస్టా అనే సన్నరకం వాల్వు తప్ప ఇంకేదీ దూరదు. 8.5 మి.మీ. బెజ్జమున్న రిమ్ము ఎంచుకుంటే మోటారుసైకిల్ రకం వాల్వు ట్యూబు పడుతుంది, శివకోడులోనైనా మలికిపురంలోనైనా గాలి కొట్టించుకోవచ్చు.

గేర్ల దగ్గర నాకు లెక్క బాగా కుదిరింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలువల్ని లాకులు కట్టి పడవలు నడిచేలా తవ్వారు కాబట్టి గట్టు వెంబడి చడావు అన్నదే లేదు. గట్టు మీదికెక్కే నాలుగడుగుల వాలూ, చించినాడ లాంటి వంతెనలూ, అంతే. అయినా చిన్న గేర్లు కావాలి, ఎందుకంటే మధ్యాహ్నం బడి వదిలేసరికి సముద్రం మీది గాలి ఎదురొస్తుంది. ముందు ఒకే చైన్‌వీలు, 38 పళ్ళు. వెనక 9 పలకలు, అంటే పళ్ళచక్రాలు, 11 నుంచి 36 పళ్ళ దాకా. చిన్న గేరులో ఒక తొక్కుకి సుమారు రెండుంబావు మీటర్లు, పెద్ద గేరులో ఏడు మీటర్ల పైన. 17 పళ్ళ మీద నిమిషానికి 75 తొక్కితే గంటకు 21 కిలోమీటర్లు, నా కాళ్ళకు చాలు. ముందు గేరు మార్చే యంత్రమే ఉండదు కనుక బురద పట్టే చోటు ఒకటి తగ్గింది, చైన్‌వీలు బయట గుండ్రటి గార్డు పెట్టించుకుంటే చున్నీ గొడవా తగ్గింది.

అంతా ఊళ్ళో దొరికేదే ఉండాలన్న నా నియమాన్ని హ్యాండిల్ విషయంలో పక్కన పెడుతున్నాను. వంపు హ్యాండిలే కావాలి, ఎదురుగాలిలో వంగి తొక్కడానికి. దాని బ్రేకు లీవర్లు ఎంటీబీ లీవర్ల కన్నా తీగను తక్కువ లాగుతాయి, కాబట్టి డిస్క్ బ్రేకు రోడ్డు రకందే వేయాలి, అది పాడైతే హైదరాబాద్ నుంచి రావాలి. గేర్లకి ఆ బెంగ లేదు. షిమానో కంపెనీ 9 స్పీడులో రోడ్డు షిఫ్టరు (హ్యాండిల్ మీది గేరు మీట) ఎంటీబీ వెనక డీరెయిలరుతో (చైనును పలక నుంచి పలకకు మార్చే యంత్రంతో) కలిసి పనిచేస్తుంది, 10 స్పీడు నుంచి ఆ పొత్తు చెడింది. 9 దగ్గరే ఆగడానికి అదే కారణం. బ్రేకు తీగతో పనిచేసేదే, ఆయిల్ది కాదు. తీగ సడలితే గట్టు మీదే బిగించుకోవచ్చు.

ఫ్రేము స్టీలు, క్రోమోలీ అనే గట్టిరకం. విరిగితే అతుకు పెట్టించుకోవచ్చు. ఇక్కడి గాలిలోనే ఉప్పుంది, పైగా రొయ్యల బండ్లు రోడ్డంతా ఉప్పునీళ్ళు కార్చుకుంటూ పోతాయి. అందుకని గొట్టాల లోపల తుప్పు పట్టకుండా పూత, కింద నీరు కారిపోయే బెజ్జం, స్టెయిన్‌లెస్ చువ్వలు అడుగుతున్నాను. బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ళ ఇరుసు తిరిగే బేరింగు, మరలున్న పాతరకందే, నొక్కి దూర్చేది వద్దు. టైరుకీ ఫ్రేముకీ మధ్య మడ్‌గార్డు పోనూ వేలు దూరేంత ఖాళీ. వానాకాలంలో నల్లమట్టి పుంతలో ఏ సైకిలూ నడవదు లెండి, భుజాన వేసుకోవాల్సిందే. అందుకే మొత్తం బరువు 12 కిలోలు దాటకూడదన్నాను. పంటు ఎక్కించేటప్పుడూ ఆ లెక్క అక్కరకొస్తుంది.

ఇక మీ పత్రిక ద్వారా రెండు కోరికలు. సైకిళ్ళ మీద ఇకముందు వ్యాసాలు వేస్తే టైరు అంకె, అది ఏ ఊళ్ళో దొరుకుతుందో, ఎంత ఎత్తు మనిషికి ఏ ఫ్రేము పడుతుందో రాయండి. రెండోది గట్ల సంగతి చూసేవాళ్ళకి. మా వైపు పోయినసారి గ్రావెల్ కుప్పలు పోసి, చదును చేసి, రోలరు తిప్పకుండానే వెళ్ళిపోయారు. కంకర మీద చక్రాలు జారి బడిపిల్లలు మోకాళ్ళు చెక్కుకుంటున్నారు. వేసవిలో కాలువలు కట్టేసి ఉన్నప్పుడు గట్టు మీద పని సులువు. జూన్‌లో నీళ్ళు వదిలేలోపు రోలరు తిప్పించమని మా ఊరి తరఫున అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక లెక్కల ఉపాధ్యాయిని,
రాజోలు, కోనసీమ.