శివారు ఏఎం స్టేషన్‌కు కావాల్సింది ముందు నిలబడే చోటు: అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఛైర్మన్‌కు బహిరంగ లేఖ

ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఛైర్మన్ బ్రెండన్ కార్ గారికి,

నమస్కారం. పనికిరాని నిబంధనలేవో చెప్పండి, కొట్టేస్తామంటూ 2025 మార్చిలో ‘డిలీట్, డిలీట్, డిలీట్’ పేరుతో మీరు అందరినీ అడిగారు. అమెరికా నగరాల శివార్లలోని చిన్న ఏఎం (మీడియం వేవ్ రేడియో) స్టేషన్ల విషయంలో కొట్టేయాల్సినవి నిజంగానే ఉన్నాయి. కొత్తగా రాయాల్సినదీ ఒకటుంది. ఈ స్టేషన్ల ట్రాన్స్‌మిటర్లు చూసుకునేవాళ్లం, వాటిలో గంటల లెక్కన సమయం కొనుక్కుని తెలుగు కార్యక్రమాలు నడిపేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం.

వాషింగ్టన్‌లో ఏఎం మాట ఎత్తితే చర్చ కార్ల దగ్గరే ఆగిపోతోంది. మోటారుకు కరెంటు ఇచ్చే ఇన్వర్టర్లు రేడియోలో పుట్టించే రొద సాకుగా కొన్ని కంపెనీలు విద్యుత్ కార్లలో ఏఎం తీసేశాయి. ప్రతి కారులోనూ అది ఉండాలన్న బిల్లు 2023లో వచ్చింది, 2025లో మళ్లీ పెట్టారు. విపత్తు హెచ్చరికల కోసమని దాన్ని సమర్థిస్తున్నారు. విపత్తు సహాయ సంస్థ ఫెమా ఎంచుకుని జనరేటర్లు పెట్టించిన 77 స్టేషన్లకు ఆ వాదన బాగా నప్పుతుంది. మేం పనిచేసే స్టేషన్లు ఆ జాబితాలో లేవు. బిల్లు రావాలనే మేమూ కోరుకుంటున్నాం. కానీ శివారులో టవరే లేకపోయాక కారులో ఏఎం ఉండి ఏం లాభం?

అసలు చిక్కంతా నేల దగ్గరే ఉంది. ఎఫ్ఎంలో యాంటెన్నాను టవర్ పైన బిగిస్తారు. ఏఎంలో టవరే యాంటెన్నా, దానికి జోడుగా పనిచేసే రెండో సగం భూమిలో ఉంటుంది. 1000 కిలోహెర్ట్జ్ స్టేషన్‌ను తీసుకోండి. తరంగదైర్ఘ్యం 300 మీటర్లు, అందులో పావు వంతు 75 మీటర్లు. టవర్ ఎత్తు సుమారుగా అంతే. దాని మొదలు నుంచి మూడు డిగ్రీలకొకటి చొప్పున 120 రాగి తీగలు, ఒక్కోటి 75 మీటర్ల పొడవున, జానెడు లోతులో పాతుతారు. మొత్తం తొమ్మిది కిలోమీటర్లు. 2.6 మిల్లీమీటర్ల తీగ వాడితే దాదాపు 430 కిలోల రాగి. దొంగల కన్ను దాని మీద ఎందుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ తీగలు పరవడానికి ఒక్క టవర్‌కే అయిదున్నర ఎకరాల చదరం కావాలి. పైగా ఒక్క టవర్‌తో చాలామందికి పని జరగదు. చీకటి పడగానే ఆకాశంలో చాలా ఎత్తున ఉండే అయనావరణంలో పగలు సంకేతాన్ని మింగేసే డి పొర పోయి, సంకేతం పైనుంచి తిరిగి వందల మైళ్ల అవతల పడుతుంది. అక్కడి స్టేషన్‌ను చెడగొట్టకుండా శక్తిని ఒక పక్కకు మళ్లించాలంటే రెండో, మూడో టవర్లు వరసగా నిలపాలి. 75 మీటర్ల ఎడంతో మూడు నిలిపితే 11 ఎకరాలవుతుంది. 1950లలో అది ఊరి బయటి పొలం. ఇప్పుడు దాని చుట్టూ ఇళ్లు, బడులు, గోదాములు. స్టేషన్ ఆదాయం కంటే ఆ నేల ధర ఎన్నో రెట్లు ఎక్కువ. పెద్ద స్టేషన్లకే దిక్కులేదు. వాషింగ్టన్ శివారు బెథెస్డాలో 630 కిలోహెర్ట్జ్ స్టేషన్‌వి నాలుగు టవర్లు, 75 ఎకరాల్లో ఉండేవి. 2020 నవంబరులో వాటిని ఇళ్ల కోసం కూల్చేశారు.

నేల అమ్మకపోయినా పొరుగు పెరిగేకొద్దీ చావే. పక్క ప్లాటు వాళ్లు నీటి పైపు కోసం గట్టు దాటి కందకం తవ్వితే పది తీగలు తెగుతాయి. టవర్ మొదట్లో ఇంపెడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) మారి, టవర్లలోని కరెంట్లను పోల్చి చూపే ఫేజ్ మానిటర్ మీద అంకెలు జారతాయి. టవర్ల మధ్య కరెంటు నిష్పత్తి 5 శాతం, ఫేజ్ (వాటి తరంగాల ముందువెనకల తేడా) 3 డిగ్రీలు మించి తప్పకూడదని మీ నిబంధన. తెగిన కొసలు మట్టిని ఆనుకుని ఉంటాయి కాబట్టి వాన పడ్డ వారం అంకెలు సర్దుకుంటాయి, నేల ఎండితే మళ్లీ తప్పుతాయి. అందుకే ఇంజినీరు ముందు టవర్ నుంచి మానిటర్‌కు కొలత తెచ్చే శాంప్లింగ్ కేబుల్‌ను అనుమానిస్తాడు, తర్వాత మానిటర్‌ను. తవ్వి చూసేది ఆఖరున. చూశాక కూడా అతుకు వెండి కలిసిన లోహం కరిగించి (బ్రేజింగ్) వేయాలి. మామూలు సీసం టంకాన్ని మట్టి కొన్నేళ్లలోనే తినేస్తుంది. దగ్గర్లో కొత్త సెల్ టవర్ కట్టేవాళ్లు మా ప్రసారం దెబ్బతినకుండా చూడాలని మీ నిబంధనల్లో ఉంది. ఇనుప గోదాము కట్టేవాడికి అలాంటిదేమీ లేదు.

కాబట్టి ఇలాంటి స్టేషన్‌కు మిగిలిన దారి మరో స్టేషన్ టవర్ మీద సర్దుకోవడమే. ఇద్దరి మధ్య కనీసం నూటికి పది పన్నెండు వంతుల ఫ్రీక్వెన్సీ తేడా ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఒక్కో ట్రాన్స్‌మిటర్ దారిలో రెండోదాన్ని అడ్డుకునే కాయిల్, కెపాసిటర్ల జత (ఫిల్టర్) పెడతారు. అది సరిగా లేకపోతే 1000, 1400 కిలోహెర్ట్జ్ స్టేషన్లు కలిసి 600లోనూ 1800లోనూ లేని స్టేషన్లను పుట్టిస్తాయి. తేడా మరీ తక్కువైతే ఫిల్టర్ ఇరుకై పాట మొద్దుబారుతుంది, చలికాలంలో ట్యూనింగ్ జారుతుంది. చోటిచ్చిన స్టేషన్ కూడా తన టవర్ ఇంపెడెన్స్ మళ్లీ కొలిచి మీకు చూపాలి. ఇవన్నీ మాకు తెలిసిన పనులే, చేసుకోగలం.

ఆపేది కాగితం. ఒకే టవర్‌కు మారినప్పుడు శక్తి మళ్లించే వీలు పోతుంది కనుక, పొరుగు స్టేషన్లను కాపాడాలంటే పగటి శక్తిని బాగా తగ్గించాలి. ఏ 120 వాట్లకో లెక్క తేలిందనుకోండి, పగటి కనీసం 250 వాట్లన్న నిబంధన తలుపు మూసేస్తుంది. అది దాటినా, లైసెన్సులో రాసిన ఊరిలో సగం జనానికో సగం విస్తీర్ణానికో సిగ్నల్ అందాలంటుంది 2015 నాటి సవరణ. పాత టవర్‌కు 25 మైళ్ల లోపు పంచుకునే టవర్‌కు మారేవాళ్లకు ఈ రెండూ కొట్టేయండి. కనీసం 100 వాట్లు చాలు. కొద్ది శక్తితో ఎవరికీ హాని లేదు.

ఇక పన్నెండు నెలల గడియారం. వరసగా ఏడాది ప్రసారం లేకపోతే లైసెన్సు దానంతటదే రద్దవుతుందని చట్టం. లీజు పోయిన స్టేషన్‌కు కొత్త చోట పురపాలక అనుమతి రావడానికే ఏడాది దాటొచ్చు. అందుకని పదకొండో నెలలో ఎక్కడో ఒక తీగ కట్టి, నాలుగు రోజులు కొద్ది వాట్లతో ప్రసారం చేసి, మళ్లీ ఆపేస్తారు. వినేవాడు ఉండడు, గడియారం మాత్రం వెనక్కి తిరుగుతుంది. లైసెన్సును వట్టి సరుకుగా దాచుకునేవాళ్లూ ఈ దారే వాడతారని మీకూ తెలుసు. న్యాయం కోసం గడువు పెంచే అధికారం అదే చట్టం మీకిచ్చింది. టవర్ పంచుకునే ఒప్పందం, స్థానిక దరఖాస్తు రెండూ చూపినవాళ్లకు పెంచుతామని ముందే ప్రకటించండి, చూపనివాళ్లకు మానేయండి.

కొత్తగా రాయాల్సింది రొద గురించి. ఛార్జర్లు, ఎల్ఈడీ డ్రైవర్ల వంటివి కరెంటు తీగలోకి వదిలే రొదకు మీ నిబంధనల్లోని పార్ట్ 15లో 150 కిలోహెర్ట్జ్ నుంచే హద్దుంది. గాల్లోకి వదిలే దానికి మాత్రం 30 మెగాహెర్ట్జ్ పైనే హద్దు మొదలవుతుంది. ఏఎం బ్యాండు మొత్తం ఆ కిందే ఉంది. గాల్లో రొదకూ ఒక హద్దు పెట్టి, అమ్మకానికొచ్చిన సరుకును అంగడిలోంచే కొని పరీక్షించండి.

అడగనివీ చెబుతాం. పెద్ద స్టేషన్లకున్న రాత్రి రక్షణ తగ్గించే 2018 ప్రతిపాదనను మళ్లీ తీయొద్దు. అందరూ రాత్రి శక్తి పెంచితే అందరికీ రొదే మిగులుతుంది. ఏఎం ఆపేసి అదే కార్యక్రమాన్ని ఎఫ్ఎంలో తిరిగి వినిపించే చిన్న ట్రాన్స్‌మిటర్ (ఎఫ్ఎం ట్రాన్స్‌లేటర్) ఒక్కటే ఉంచుకుంటామనే యజమానులకూ ఒప్పుకోవద్దు. మరుసటి వారమే నేల అమ్ముడుపోతుంది. ట్రాన్స్‌లేటర్‌ది రెండో తరగతి హక్కు, పూర్తి స్థాయి ఎఫ్ఎం వచ్చి లెమ్మంటే లేవాల్సిందే. 2020లో అనుమతించిన పూర్తి డిజిటల్ ఏఎం ప్రసారం మంచిదే కానీ, పాత రేడియోలో అది వట్టి బుస్‌మనే చప్పుడు.

న్యూజెర్సీలోని ఎడిసన్, టెక్సస్‌లోని ఇర్వింగ్ లాంటి చోట్ల మన భాషలు రేడియోలో వినిపించడానికి ఏఎంలో గంట అద్దె అందుబాటులో ఉండటమే కారణం. ఎఫ్ఎంలో ఆ ధరకు చోటు దొరకదు.

వాట్ల సంగతీ రొద సంగతీ తేలడానికి నిబంధనలు మార్చే పూర్తి ప్రక్రియ (రూల్‌మేకింగ్) కావాలి, ఏళ్లు పడుతుంది. గడువు ప్రకటనకు అదేమీ అక్కర్లేదు, మీ కమిషన్‌లోని మీడియా బ్యూరో నోటీసు ఒక్కటి చాలు. ముందు అది ఇప్పించండి.

ఇట్లు,
శివారు ఏఎం స్టేషన్ల ఇంజినీర్లు, తెలుగు కార్యక్రమాల నిర్వాహకులు